గాలి దారి తెరిచి ఉందా?

కంటకాపల్లి దగ్గర 2023 అక్టోబర్ 29 రాత్రి జరిగిన రైలు ప్రమాదం తర్వాత విజయనగరంలో ఎవరిని కదిపినా ఒకటే మాట: రైళ్లు ఢీకొనకుండా తనంతట తానే బ్రేకు వేయించే కవచ్ వ్యవస్థ ఎప్పుడొస్తుంది? రావాల్సిందే. అయితే కవచ్ బ్రేకు వేయమని ఆజ్ఞ మాత్రమే ఇస్తుంది, బండిని ఆపేది గాలి. ఆ గాలి వెళ్లే దారి గురించి ఎవరూ అడగడం లేదు.

బండి పొడవునా సాగే బ్రేకు పైపులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడి ఉన్నంతసేపు చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతాయి. ఒత్తిడి పడిపోతే ప్రతి వ్యాగన్ కింద డిస్ట్రిబ్యూటర్ వాల్వు కదిలి, రిజర్వాయరులోని గాలిని బ్రేకు సిలిండర్‌లోకి వదులుతుంది. పైపు తెగినా, బండి రెండుగా విడిపోయినా బ్రేకు దానంతటదే పడుతుంది. ఇంత గట్టి ఏర్పాటుకూ ఒక లొసుగుంది: ప్రతి వ్యాగన్ చివర ఉండే యాంగిల్ కాక్, అంటే పైపులో గాలి దారిని చేత్తో తెరిచే, మూసే కుళాయి.

రెండు వ్యాగన్ల పైపులను కలిపే హోస్ పైపు మార్చడానికో, వ్యాగన్ తప్పించడానికో దాన్ని మూస్తారు. తిరిగి తెరవడం మరిచారనుకోండి. వెనక వ్యాగన్లలో నింపిన గాలి అక్కడే ఉండిపోతుంది. ఇంజన్లో గేజి 5 చూపిస్తుంది, గార్డు గేజి 4.8 చూపిస్తుంది, ఇద్దరూ బాగుందనుకుంటారు. లోకో పైలట్ బ్రేకు వేస్తే కాక్‌కు ముందున్న వ్యాగన్లకే పడుతుంది. 1988 జూన్ 27న పారిస్ గార్ ద లియోన్ స్టేషన్లో 56 మందిని బలిగొన్న ప్రమాదానికి మూసి ఉన్న కాక్ ఒక ముఖ్య కారణం.

మన కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే లైన్లో ఘాట్ వాలు 60కి 1, అంటే అరవై అడుగులు సాగితే ఒక అడుగు దిగుతుంది. ఆ వాలులో దిగే ఖనిజం బండి 5,000 టన్నులనుకుంటే, దాన్ని కిందికి లాగే బలం 80 టన్నులు దాటుతుంది. అంత బరువును ఇంజన్ల బ్రేకుల మీదే వదిలేయగలమా?

కనుక ముల్లు కదలడం చూడాలి. చివరి వాహనంలో గార్డు వాల్వు తెరిస్తే ఇంజన్ గేజిలో ముల్లు పడాలి, మూస్తే లేవాలి. కదల్లేదంటే మధ్యలో దారి మూసుకుపోయినట్టే. గార్డు లేని గూడ్సుకైతే చివరి వ్యాగన్‌కు బిగించే టెలిమెట్రీ పరికరం ఉంది. వెనక ఒత్తిడి ఎంతుందో అది రేడియోలో ఇంజన్‌కు చెబుతూనే ఉంటుంది.

ఈ పరీక్ష నిబంధనల్లో ఎప్పుడో ఉంది, ప్రతి చోటా పట్టుబడితే బండ్లు ఆలస్యమవుతాయి అనేవాళ్లున్నారు. హోస్ విడదీసిన ప్రతిసారీ నాలుగు నిమిషాలు పోతే పోనివ్వండి.

అసలు జబ్బు రైల్వేది ఒక్కటే కాదు. మన దగ్గర తనిఖీ అంటే సంతకం. తుఫాను షెల్టర్లో జనరేటర్ ఉందని రిజిస్టర్లో రాస్తే సరిపోతుందా? మెయిన్ ఆపేసి, ఫ్యాన్లూ మోటారూ దాని మీద గంటసేపు నడిపి చూడాలి. 2018లో తిత్లీ తర్వాత రోజుల తరబడి చీకట్లో గడిపిన ఉద్దానానికి ఈ తేడా బాగా తెలుసు.

బండి బ్రేకులు పరీక్షించి ఇచ్చే బ్రేక్ పవర్ సర్టిఫికెట్లో 'సరిగా ఉంది' అన్న ఒక్క ముక్క చాలదు. వాల్వు ఎవరు తెరిచారు, ఎన్ని గంటలకు, ఇంజన్ గేజి ఎంత నుంచి ఎంతకు పడింది, ఎంతసేపట్లో లేచింది అన్నవి అంకెల్లో రాయించాలి. విజయనగరం, కొత్తవలస యార్డుల్లో ఈ నెలలోనే మొదలుపెట్టొచ్చు.