హరిశ్చంద్రుడి చుట్టమైన ఫుల్‌రేంజ్ స్పీకరు గారికి

మహారాజశ్రీ ఫుల్‌రేంజ్ స్పీకరు గారి సమక్షమునకు,

నల్లగొండ రామగిరిలో, మేడ మీది గదిలో, బీరువాకూ కిటికీకీ మధ్య మీరు నిలబడ్డ చోటికి మూడడుగుల దూరంలో కూర్చుని రాస్తున్న ఉత్తరం. ఎదురుగానే ఉన్నాడు కదా, నోటితో చెప్పొచ్చు కదా అనుకుంటారేమో. నోటితో చెబితే దాన్ని కూడా ఉన్నదున్నట్టు వీధంతా వినిపిస్తారని భయం.

మీరు ఇంటికొచ్చిన రోజు బాగా గుర్తుంది. అట్టపెట్టె మీద రెండు సంగతులు పెద్దక్షరాల్లో ఉన్నాయి. మొదటిది వాట్ల లెక్క. అది చూస్తే మా వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కు చెమటలు పట్టాలి. (లోపలి మాన్యువల్‌లో చిన్నక్షరాల్లో తెలిసిందేమిటంటే, అది ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి చూపించే పీక్ లెక్క. నిలకడగా ఇచ్చేది అందులో సగం.) రెండోది ‘ఫ్లాట్’ అన్న మాట. లోపలికి ఏది వస్తే అదే బయటికి. సొంతంగా చిటికెడు ఉప్పు కూడా కలపరు. అంత నిజాయితీపరుడు ఇంటికి వస్తున్నాడని కొబ్బరికాయ కొట్టాను. బొట్టు పెట్టబోతే అమ్మే ఆపింది, వారంటీ పోతదేమో అని.

అప్పటిదాకా మా ఇంట్లో ఒక పాత గిటార్ క్యాబినెట్ ఉండేది. పన్నెండు అంగుళాల స్పీకరు ఒక్కటే, సన్నని పై శబ్దాలు పలికే ట్వీటర్ లేదు. చెక్క డబ్బా, మూలలకు ఇనుప తొడుగులు. గిటార్ ఆంప్లిఫయర్ల (ఆంప్‌ల) గొంతులను అనుకరించే మోడలర్ కొన్నాక దాని అవసరం తీరిందనుకున్నాను. పేరున్న ఆంప్‌లన్నీ లెక్కలుగా మారి కాలి కింద పెట్టెలో కూర్చున్నాక, ఒక్క గొంతుతో మాత్రమే పాడే ఈ ముసలిదెందుకు? అమ్మేద్దామంటే నల్లగొండలో కొనేవాడు దొరకలేదు. అమ్మ దాన్ని వసారాలోకి లాగి పైన బియ్యం బస్తా పెట్టింది.

మీతో మొదటి రాత్రి సంగతి చెప్పాలి. మోడలర్‌లో డిస్టార్షన్ (కావాలని గొంతు చీల్చే బొంగురుదనం) ఉన్న ఆంప్ ఒకటి ఎంచి, తీగ మీటాను. స్టీలు చెంబులో కందిరీగను వేసి మూత పెడితే వచ్చే చప్పుడు. మీరు పాడైపోయి వచ్చారనుకున్నాను. తీరా చూస్తే మోడలర్‌లో క్యాబ్ సిమ్యులేషన్, అంటే క్యాబినెట్ గొంతును అనుకరించే భాగం, ఆన్ చేయలేదు. తప్పు నాదే, కానీ అక్కడే ఒక సంగతి అర్థమైంది. గిటార్ స్పీకరు 5 వేల హెర్ట్జ్‌ల పైన దాదాపు నోరు మూసుకుంటుంది. డిస్టార్షన్‌లోని ఆ గరగర అంతా అక్కడి నుంచే మొదలవుతుంది. అంటే ఇన్నేళ్లూ మేం తీయగా ఉందనుకున్న శబ్దం, మా ముసలిదానికి సగం చెవుడు ఉండటం వల్ల తీయగా ఉంది. కొన్ని ఇళ్లలో అలాంటి అత్తలు ఉంటారు. సగం వినబడదు కాబట్టే కోడళ్లు సుఖంగా ఉంటారు. తమరు మాత్రం 20 వేల హెర్ట్జ్‌ల దాకా విని, విన్నదంతా చెప్పే ఆడపడుచు.

సరే, క్యాబ్ సిమ్యులేషన్‌కు ఇంపల్స్ రెస్పాన్స్ కావాలన్నారు, అందరూ ముద్దుగా ఐఆర్ అంటారు. ఎక్కడో ఒక స్టూడియోలో ఒక క్యాబినెట్ ముందు మైకు పెట్టి, అది ఎలా మోగుతుందో ఒక చిన్న ఫైలుగా పట్టి ఉంచుతారు. నా మోడలర్ వాడుకునేది 2048 శాంపిళ్లు, సెకనులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. మైకు ఎక్కువగా ఆ ఎస్‌ఎం57, 1965లో పుట్టింది, ఇంకా రిటైర్ కాలేదు. దాన్ని స్పీకరు కోన్ మధ్యకు ఎదురుగా పెడితే గొంతు పదునెక్కుతుంది, అంగుళం పక్కకు జరిపితే మెత్తబడుతుంది. అందుకని అంగుళానికొకటి చొప్పున వందల ఫైళ్లు అమ్ముతారు. పండగ సెలవులన్నీ నేను వాటిలోనే గడిపాను. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక పగలంతా ఒక స్తంభం నీడ నిలబడి ఉంటుంది; సూర్యుడు జరిగినా నీడ జరగదు. చూడటానికి వచ్చినవాళ్లంతా ఆ స్తంభం ఏదో వెతుకుతూ గుడి చుట్టూ తిరుగుతారు. నాదీ అదే పని. క్యాబినెట్ నీడలు నాలుగు వందలు కొన్నాను, క్యాబినెట్ ఏమో వసారాలో బియ్యం మోస్తోంది.

ఇక హైదరాబాద్ రోడ్డు మీది ఫంక్షన్ హాల్ సంగతి. సంగీత్ ప్రోగ్రాం, మా ఆర్కెస్ట్రాకు మంచి బేరం. దానికోసం నేను పదిహేను రోజులు రాత్రి పదకొండు తర్వాత, అమ్మ నిద్ర లేవకుండా, సన్న సౌండ్‌లో ప్రీసెట్లు (ముందే అమర్చి దాచుకునే సౌండ్లు) తయారు చేశాను. ఇంట్లో ఎంత బాగున్నాయో! స్టేజీ మీద వాల్యూమ్ పెంచేసరికి కింద గుంయ్‌మని బేస్, పైన పళ్ల డాక్టరు మెషిన్ చప్పుడు. నేల అంతా గ్రానైట్, గోడలన్నీ అద్దాలు, తమరు నేల మీద మూలకు. మూలకు పెడితే బేస్ మరింత ఉబ్బుతుందని ఆ పూట ఎవరూ చెప్పలేదు. అసలు దెబ్బ కొట్టిన సంగతి 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు కొలిచి పెట్టారు: సన్న సౌండ్‌లో చెవికి బేస్, ట్రెబుల్ తక్కువగా వినిపిస్తాయి. అందుకే రాత్రి నేను రెండూ ధారాళంగా కలిపాను. చీకట్లో రాసుకున్న పౌడరు తెల్లారి ఎండలో కనబడ్డట్టయింది. పెళ్లికూతురి మేనమామ చెవులు మూసుకున్నాడు. హరిశ్చంద్రుడు నిజం చెప్పి తాను కాటికాపరి అయ్యాడు. మీరు నిజం చెప్పి నన్ను చేశారు.

ఇక ‘మీరు’ అనడం నా వల్ల కాదు. నువ్వే.

అప్పుడు సౌండ్ అన్న వచ్చాడు. ఇరవై ఏళ్లుగా నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ పెళ్లిళ్లన్నీ మోగించిన మనిషి. నీ వంక చూడను కూడా చూడలేదు. “తమ్మీ, నీ మోడలర్ నుంచి నాకు ఒక లైన్ ఇయ్యి సాలు. గీ డబ్బా నీ తృప్తి కోసమే, జర తగ్గించుకో” అన్నాడు. తన మిక్సర్‌లో పైనా కిందా కాస్త కోశాడు, అంతే, హాల్లో గిటార్ చక్కగా మోగింది. ఆరు వందల మంది విన్నది ఆ లైనే. నేను నిద్ర మానుకుని ఎంచిన స్పీకరు పాట విన్నది నేనొక్కణ్నే, పక్కన నిలబడ్డ కీబోర్డ్ వాడు కొంచెం.

కోపంతో ఇంటికొచ్చి బస్తా దించి ముసలిదాన్ని బయటికి లాగాను. మోడలర్‌ది బలహీనమైన లైన్ సిగ్నల్, ముసలిదాన్ని మోగించాలంటే పవర్ ఆంప్ కావాలి. చర్చిలో గిటార్ వాయించే తమ్ముడి దగ్గర ఒకటి తెచ్చాను. మోగించాను. దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంది. ఐఆర్ ఆఫ్ చేయలేదు మరి, క్యాబినెట్ మీద క్యాబినెట్ నీడ. మోడలర్ స్క్రీన్ మీద ఆ చిన్న పెట్టె బొమ్మను నొక్కి ఆపాను, అది బూడిద రంగులోకి మారింది. గిటార్ ‘ఇ’ (E) తీగ మీటాను.

నా ప్యాంటు అంచు కదిలింది.

నువ్వు ఎప్పుడూ కదిలించలేదని కాదు, ఇలా కదిలించలేదు. నువ్వు వినిపించేది ఎక్కడో మైకు ముందు రికార్డయిన గిటార్. అది వినిపించింది గదిలో నిలబడ్డ గిటార్. దానికీ వంకలు లేకపోలేదు: ఎదురుగా నిలబడితే ముక్కు మీద పొడుస్తుంది, పక్కకు జరిగితే మబ్బు పట్టినట్టుంటుంది, మోడలర్‌లో ఏ ఆంప్ పెట్టినా అన్నిటికీ తన యాసే. లండన్ ఆంప్ అయినా కాలిఫోర్నియా ఆంప్ అయినా మా వసారా భాషలోనే మాట్లాడుతుంది. దాన్ని ఆటోలో ఎక్కించడానికి ఇద్దరు కావాలి, నిన్ను ఒంటి చేత్తో ఎత్తుతాను. ప్రోగ్రాంలకు నువ్వే వస్తున్నావు, ఒప్పుకుంటాను.

వస్తున్నావు కానీ, ఎలా? ఇప్పుడు నిన్ను ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చోబెడుతున్నాను. ప్రీసెట్లు ఆదివారం మధ్యాహ్నం, వెనక వీధిలో పిండి గిర్నీ నడిచే టైములో, పెద్ద సౌండ్‌లో చేస్తున్నాను. 90 హెర్ట్జ్‌ల కింద కోత, 6 వేల పైన కోత. 20 వేల దాకా పాడతావని అంత డబ్బు పోసి కొని, 6 వేల దగ్గర గొంతు నొక్కి పెట్టాను. పదెకరాలు కొని మూడెకరాలు దున్నుకుంటున్న రైతును నేను. మిగతా ఏడెకరాలకు కిస్తీలు మాత్రం నెలనెలా కడుతున్నా.

ఆ ఏడెకరాలు ఎవరు దున్నుతున్నారో మొన్న తెలిసింది. బతుకమ్మ మొదలైన రోజు పక్కింటి అత్తమ్మ వచ్చి, కాలనీ స్పీకరు కాలిపోయింది, ‘గా పైన డబ్బా’ ఇస్తారా అని అడిగింది. ఫోన్‌కు కేబుల్ తగిలించి వాకిట్లో పెట్టారు. ఐఆర్ లేదు, కోతల్లేవు. చప్పట్ల పాట వేస్తే గాజుల గలగల కూడా విడివిడిగా వినబడింది, డోలు కింద నేల అదిరింది. ‘ఇన్నేండ్లకు ఒక మంచి సామాను కొన్నడు పిల్లగాడు’ అని కాలనీలో పేరొచ్చింది. నాకు కూడా కాదు, నీకు.

ఇది రాస్తుండగానే అమ్మ కిందినుంచి కేకేసింది. రేపు సద్దుల బతుకమ్మ, డబ్బా పొద్దుగాలనే కావాలట, నా వైర్లన్నీ పీకి పెట్టమంది.

పీకాను.

ఇట్లు,
నీ ఓనరు (రసీదులో అలాగే ఉంది)