అరగంటలో స్టెమ్ సెల్స్ వేరు చేస్తారా?

నల్గొండ జిల్లా మునుగోడు, మర్రిగూడ వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. పొట్ట కొవ్వు కొంచెం తీసి, అరగంటలో స్టెమ్ సెల్స్ (వేరే రకం కణాలుగా మారగల మూల కణాలు) వేరు చేసి మోకాలికి ఎక్కిస్తే అరిగిన గుజ్జు మళ్లీ పెరుగుతుందట. నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ నొప్పులూ పోతాయట. సొంత కణాలే కాబట్టి రిస్క్ లేదట.

ముందు ఆ అరగంట సంగతి. కొవ్వును కొలాజినేజ్ అనే ఎంజైముతో విడగొట్టి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే కొవ్వు కణాలు పైకి తేలి, అడుగున చిన్న ముద్ద మిగులుతుంది. మెసేజ్ రాసినాయన స్టెమ్ సెల్స్ అంటున్నది ఈ ముద్దనే. నిజానికి అదో కలగూరగంప: రక్తకణాలు, రక్తనాళాల కణాలు, ఫైబ్రోబ్లాస్టులు (కణజాలాన్ని పట్టి ఉంచే పీచును తయారుచేసే కణాలు), వాటి మధ్య కొద్దిపాటి స్టెమ్ సెల్స్.

వీటిలో ఏది ఏ కణమో తేల్చాలంటే మెరిసే రంగు కట్టిన యాంటీబాడీలను కణాలకు అంటించి, ఫ్లో సైటోమీటర్ అనే యంత్రంలో ఒక్కో కణాన్నీ లేజర్ ముందు నుంచి పంపాలి. కణాల పైన గుర్తుల్లా ఉండే ప్రొటీన్లకు సీడీ నంబర్లు ఉంటాయి: సీడీ45 కనిపిస్తే తెల్ల రక్తకణం, సీడీ31 గట్టిగా కనిపిస్తే రక్తనాళపు లోపొర కణం. ఇంతవరకు పర్లేదు. చిక్కంతా ఫైబ్రోబ్లాస్టుతోనే. 2006లో అంతర్జాతీయంగా ఒప్పుకున్న కనీస ప్రమాణాల ప్రకారం ఈ స్టెమ్ సెల్ ప్లాస్టిక్ పాత్రకు అంటుకుని పెరగాలి, దాని మీద సీడీ73, సీడీ90, సీడీ105 ఉండాలి. మామూలు చర్మపు ఫైబ్రోబ్లాస్టు కూడా అలాగే పెరుగుతుంది, దాని మీదా ఆ మూడూ ఉంటాయి! మైక్రోస్కోపులో చూసినా రెండూ సన్నగా, పొడుగ్గా ఒకేలా ఉంటాయి. పత్తి విత్తనం అసలో నకిలీయో చేతిలో పట్టుకుని చెప్పలేక, చేను ఎదిగాక తెలుసుకునే మన రైతు బాధే ఇది. అందుకే ల్యాబులో ఎముక, కొవ్వు, గుజ్జు కణాలుగా మారతాయో లేదో పెంచి చూస్తారు. దానికే రెండు మూడు వారాలు పడుతుంది. మరి అరగంటలో తేల్చిందెవరు?

గుజ్జు పెరగడం గురించి: ఈ కణాలకు స్టెమ్ సెల్స్ అన్న పేరు ప్రచారంలోకి తెచ్చిన అమెరికా శాస్త్రవేత్త ఆర్నాల్డ్ కాప్లానే 2017లో పేరు మార్చాలన్నారు. ఇవి శరీరంలో కొత్త కణజాలంగా మారడం కన్నా, చుట్టుపక్కల కణాలకు పనికొచ్చే పదార్థాలు వదులుతాయని ఆయన వాదన.

ఫ్లోరోసిస్ మాట మరీ అన్యాయం. అక్కడ ఫ్లోరైడ్ ఎముకలో చేరి, లిగమెంట్లలో (ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీల్లో) సున్నం పేరుకుని కీళ్లు బిగుసుకుపోతాయి. ఈ కణాలు ఎక్కించినంత మాత్రాన ఆ సున్నం కరగదు.

సొంత కణాలైతే రిస్క్ లేదా? అమెరికాలోని ఫ్లోరిడాలో సొంత కొవ్వు కణాలనే కళ్లలోకి ఎక్కించుకున్న ముగ్గురు మహిళల చూపు ఘోరంగా దెబ్బతిందని 2017లో వైద్య పత్రికలో వచ్చింది.

మన దగ్గర ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు రక్త సంబంధ జబ్బులకు చేసే స్టెమ్ సెల్ మార్పిడిని మాత్రమే చికిత్సగా ఒప్పుకున్నాయి. ఆ తర్వాత మోకాలి అరుగుదలకు ఒక ఉత్పత్తికి అనుమతి వచ్చింది కానీ, అది దాతల ఎముక మజ్జ నుంచి తీసి, ల్యాబులో పెంచి, పరీక్షించిన మందు. మోకాలికి చేసే మిగతా స్టెమ్ సెల్ చికిత్సలన్నీ క్లినికల్ ట్రయల్ (మందు పనితీరు తేల్చే ప్రయోగం) కిందే జరగాలి, ట్రయల్‌కు పేషెంటు దగ్గర ఫీజు తీసుకోకూడదు. ఎవరైనా లక్షల్లో బిల్లు చెబితే ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, ఆ ముద్దలో ఏ కణాలు ఎంత శాతం ఉన్నాయో రిపోర్టు కూడా చూపించమనండి.