ఒకసారి కొన్న సినిమాని మళ్ళీ కొనడం దండగేనా?

ఈమధ్య ఒక మాట బాగా చక్కర్లు కొడుతోంది: "రీఇష్యూ (మళ్ళీ విడుదల చేసిన) డిస్కులంటే పాత సినిమాకి కొత్త అట్ట. 4కె లేని రోజుల్లో తీసినదాన్ని 4కెలో చూపించడమేంటి? స్ట్రీమింగ్‌లో అదే బొమ్మ దొరుకుతుంది. కొత్తది వస్తే పాత డిస్కు చెత్తబుట్టకే." ఇందులో నిజం కొంత ఉంది, దాని దగ్గరికి వచ్చినప్పుడు ఒప్పుకుంటాను. ఎక్కువభాగం మాత్రం తప్పు.

ముందు 4కె సంగతి, అంటే అడ్డంగా దాదాపు నాలుగువేల పిక్సెళ్ళుండే బొమ్మ సంగతి. జనం గట్టిగా నమ్మేది ఇదే, అసలు తలకిందులుగా ఉన్నదీ ఇదే. ఫిల్ము మీద తీసిన సినిమాలో పిక్సెళ్ళు, అంటే డిజిటల్ బొమ్మని కూర్చే చుక్కలు, ఉండవు. 35 ఎం.ఎం. నెగటివ్‌లో (కెమెరాలో నడిచిన అసలు ఫిల్ములో) ఉన్న వివరమంతా డీవీడీలో పట్టదు. ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్ టీవీ పద్ధతి) డీవీడీ బొమ్మ 720 x 480 పిక్సెళ్ళే, 4కె డిస్కయిన అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రేకి 3840 x 2160. పైగా తొలినాళ్ళ డీవీడీలు చాలావాటిని నెగటివ్ నుంచి కాక, దాని కాపీ నుంచో, కాపీకి కాపీ నుంచో తయారుచేశారు. నెగటివ్‌ని కొత్తగా స్కాన్ చేస్తే చొక్కా నేత, గోడ మీద గరుకు, వెనక నిలబడ్డవాళ్ళ ముఖాలు కనిపిస్తాయి. అవన్నీ తీసిన రోజు నుంచీ అందులో ఉన్నవే.

4కె వల్ల పెద్దగా ఒరిగేది లేనిది తొలితరం డిజిటల్ సినిమాలకి. 2002 నాటి 'అటాక్ ఆఫ్ ద క్లోన్స్'ని 1080 గీతల (4కెలో ఉండే 2160కి సగం) డిజిటల్ కెమెరాతో తీశారు. కెమెరా పట్టనిదాన్ని ఏ స్కానరూ తేలేదు. అలాంటివాటి విషయంలో ఆ విమర్శ సరైనదే. రంగుల్లో, వెలుగునీడల్లో తేడా రావచ్చు గానీ వివరం పెరగదు.

ఇక "కొత్త అట్ట". సత్యజిత్ రాయ్ అపూ చిత్రాల నెగటివ్‌లు 1993లో లండన్ ల్యాబ్‌లో అగ్నిప్రమాదానికి గురయ్యాయి. కాలి పెళుసుబారిన ఆ రీళ్ళని దాదాపు వెయ్యి గంటలు చేత్తో బాగుచేసి, పనికొచ్చినంత మేర స్కాన్ చేసి, 2015లో మళ్ళీ విడుదల చేశారు. దాన్ని అట్ట మార్చడం అంటే నాకు బాధేస్తుంది.

కాకపోతే రీఇష్యూ అన్న ముద్ర చూసి కళ్ళు మూసుకుని కొనమని నేనూ చెప్పను. 2010లో వచ్చిన 'ప్రిడేటర్' బ్లూ-రేలో గ్రెయిన్‌ని (ఫిల్ము మీద ఉండే సన్నటి రేణువుల్ని) ఎంత చెరిపేశారంటే ముఖాలు మైనపు బొమ్మల్లా తేలాయి. గ్రెయిన్ మచ్చ కాదు, బొమ్మ తయారైందే దానితో. దాన్ని తుడిస్తే చర్మం మీది వివరమూ పోతుంది. 'ద ఫ్రెంచ్ కనెక్షన్' 2009 బ్లూ-రేలో దర్శకుడే రంగులు మార్చేస్తే, ఛాయాగ్రాహకుడు బహిరంగంగా మండిపడ్డాడు. 2012లో రంగులు సరిచేసి మళ్ళీ తెచ్చారు. కొనేముందు అడగాల్సినవి రెండే: దేని నుంచి స్కాన్ చేశారు, ఎవరి పర్యవేక్షణలో చేశారు. ఈ రెండూ ఎక్కడా చెప్పకుండా 'రీమాస్టర్డ్' (కొత్తగా తయారుచేసినది) అని మాత్రమే రాస్తే నేనైతే ఆగుతాను.

స్ట్రీమింగ్‌లో "అదే బొమ్మ" రాదు. 4కె చూడటానికి నెట్‌ఫ్లిక్స్ అడిగేది సెకనుకి 15 మెగాబిట్ల కనెక్షన్. అల్ట్రా హెచ్‌డీ డిస్కు 100 మెగాబిట్లు దాటి కూడా ఇవ్వగలదు. పట్టపగటి సన్నివేశంలో ఈ తేడా అంతగా తెలియకపోవచ్చు. పొగ, మంచు, చీకటి వచ్చినప్పుడు స్ట్రీమింగ్ బొమ్మ గళ్ళుగళ్ళుగా, మెట్లుమెట్లుగా విడిపోతుంది. ఇంకో ఇబ్బందీ ఉంది. అదే 'ఫ్రెంచ్ కనెక్షన్'లో జాతిని దూషించే మాట ఉన్న కొన్ని సెకన్లు స్ట్రీమింగ్ కాపీలో లేవని 2023లో ప్రేక్షకులే కనిపెట్టారు. వాళ్ళకి ముందుగా ఎవరూ చెప్పలేదు. అరలో ఉన్న డిస్కుని అలా ఎవరూ కత్తిరించలేరు.

చివరిది, కొత్తది వస్తే పాతది చెత్తబుట్టకే అన్న మాట. 'స్టార్ వార్స్' 2011 బ్లూ-రే సెట్‌లో ఉన్నవి దర్శకుడు తర్వాత మార్చిన రూపాలే. 1977లో జనం థియేటర్లో చూసిన రూపం 2006 డీవీడీలో అదనపు డిస్కుగా వచ్చింది. అదీ డీవీడీకి ముందుతరం డిస్కయిన లేజర్‌డిస్క్ కోసం 1993లో చేసిన మాస్టర్ (కాపీలకి మూలమైన ప్రతి) నుంచి తీసినదే, బొమ్మ మసకగానే ఉంటుంది. ఆ డీవీడీ మీ దగ్గరుంటే దాచుకోండి.