బ్లూమింగ్టన్‌లో ఇల్లు కొనేముందు

షికాగో నుంచి ఐ-55 హైవే మీద రెండు గంటలకు పైగా కారులో వస్తే, మొక్కజొన్న, సోయా చేల మధ్య బ్లూమింగ్టన్, నార్మల్ అనే జంట ఊళ్లు తగులుతాయి. 2020 లెక్కల్లో రెండింటికీ కలిపి లక్షా ముప్పై వేల పైచిలుకు జనాభా. స్టేట్ ఫార్మ్ అనే బీమా కంపెనీ ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది కనుక మనవాళ్లూ బాగానే చేరారు. ఆఫీసు నుంచి పదిహేను నిమిషాల్లో ఇంటికొచ్చి, వెలుతురుండగానే పిల్లలతో ఆడుకోవచ్చు. మా దృష్టిలో ఇది చాలా పెద్ద సుఖం. కాకపోతే ఈ ఊళ్లో ఏదీ అప్పటికప్పుడు దొరకదు. అన్నీ ముందే చూసుకోవాలి.

అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది ఉద్యోగం. హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండటానికి మిగిలేది గరిష్ఠంగా 60 రోజులు. డల్లాస్‌లోనైతే ఇల్లు మారకుండానే ఇంకో కంపెనీ వెతుక్కోవచ్చు. ఇక్కడ పెద్ద కంపెనీలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ రెండు నెలల్లోనే కొత్త ఉద్యోగం, కొత్త ఊరు, ఇల్లు అమ్మకం అన్నీ నెత్తిన పడతాయి. అందుకని ఇళ్ల ధరలు తక్కువగా ఉన్నాయని వచ్చిన ఏడాదే కొనకండి. కనీసం ఒక చలికాలం అద్దెకుండి చూడండి.

చలికాలం అంటే గుర్తొచ్చింది. మంచు కురవడం ఆగింది కదా అని బయల్దేరితే ఊరు దాటగానే అసలు సంగతి తెలుస్తుంది. కోతలయ్యాక చేలల్లో గాలికి అడ్డేమీ ఉండదు, పడిన మంచునే లేపి రోడ్డు మీద పోస్తుంది. ఇండియా ప్రయాణం ఉంటే నార్మల్‌లో ఆమ్‌ట్రాక్ రైలెక్కి షికాగో యూనియన్ స్టేషన్‌లో దిగండి. దగ్గర్లోనే క్లింటన్ స్టేషన్ ఉంది, అక్కడి బ్లూ లైన్ మెట్రో రైలు నేరుగా ఓ'హేర్ విమానాశ్రయానికి వెళుతుంది. జనవరిలోనైతే ముందురోజే చేరుకోవడం మేలు.

కరివేపాకు కుండీని సెప్టెంబరు ఆఖరుకల్లా, రాత్రి చలి 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు దిగకముందే లోపల పెట్టాలి. లోపలికి తెచ్చాక ఆకు రాలుతుంది. వెలుతురు తగ్గడం, హీటర్ పొడిగాలి దానికి కారణాలు. దాహమనుకుని రోజూ నీళ్లు పోస్తే వేరు కుళ్లి మొక్క చచ్చిపోతుంది. దక్షిణం కిటికీ దగ్గర పెట్టి, వేలు రెండు అంగుళాలు లోపలికి గుచ్చి, మట్టి పొడిగా తగిలితేనే పోయండి. మోడైపోయినా పారేయకండి. గోటితో గీరితే బెరడు కింద పచ్చగా ఉన్న మొక్క వసంతంలో చిగురిస్తుంది.

అమ్మానాన్నలను మే తర్వాత పిలిపించి, అక్టోబరుకల్లా పంపించండి. కారు నడపని పెద్దవాళ్లకు చలికాలంలో ఇక్కడి ఇల్లు జైలే. వేసవిలోనైతే కాన్‌స్టిట్యూషన్ ట్రెయిల్ ఉంది. పాత రైలు దారిని చదును చేసి వేసిన బాట కాబట్టి ఎత్తుపల్లాలు తక్కువ, కార్ల గొడవ ఉండదు, మోకాళ్ల నొప్పులవాళ్లు కూడా నడవగలరు. ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడే ఈ బాటకు నడక దూరంలో ఉండేలా చూసుకోండి.