నార్వే చేపకు నెల్లూరు మర్యాద

మైపాడు, జువ్వలదిన్నె, కృష్ణపట్నం. ఇంత సముద్రాన్ని పెరట్లో పెట్టుకుని కూడా ఇంటికొచ్చిన పెద్దమనుషులకు బొమ్మిడాయిల పులుసు పోసి పంపడం ఇక మర్యాద కాదని నెల్లూరులో కొందరు గృహస్థులు తేల్చేశారు. పులుసు అందరూ పెడతారు. పైగా తిన్నవాళ్ళు వేళ్ళు నాకుతారు, అది ఫొటోలో బాగుండదు. కాబట్టి ఇకమీదట విందు నార్వే నుంచి పొట్లాల్లో వచ్చే పొగపట్టిన చేప, అంటే స్మోక్డ్ సాల్మన్‌తో మొదలవ్వాలి. అరచేతిలో మూడు పట్టేంత రొట్టె, దాని మీద తెల్లటి మీగడ, ఆ మీద నారింజ రంగు చేప, పైన ఒక ఆకు. మనిషికి రెండు. మూడోది అడిగినవాళ్ళను మరోసారి పిలవకూడదు.

నిర్ణయం ఉన్నతమైనదే. అమలులోనే పొరపాట్లు జరుగుతున్నాయి కనుక, సమాజ శ్రేయస్సు దృష్ట్యా కొన్ని విషయాలు చెప్పక తప్పదు.

ముందు, పొట్లంలో ఉన్నది పచ్చి చేప. ఉప్పు పట్టించి, ఆరబెట్టి, 30 డిగ్రీలు దాటని పొగలో గంటల తరబడి ఉంచుతారు. పొగ తగిలిందే గాని సెగ తగలలేదు. ఉప్పూ ఎండుదనమూ మనకు కొత్తేమీ కాదు. కాకపోతే అపార్టుమెంటులో ఎవరైనా ఎండు నెత్తళ్ళు వేయిస్తే, పది నిమిషాల్లో వాట్సాప్ గ్రూపులో 'ఏదో వాసన వస్తోంది, దయచేసి గమనించగలరు' అని సెక్రటరీగారి మెసేజి వస్తుంది. అలాంటి వాసనే విమానమెక్కి వస్తే ఆ సెక్రటరీగారే ఇస్త్రీ చొక్కాతో వచ్చి ముందు వరసలో కూర్చుంటారు. ఇక రంగంటారా, సముద్రంలో వలల మధ్య పెంచిన సాల్మన్‌కు ఆ నారింజ రంగు మేతలో కలిపే అస్టాజాంథిన్ వల్ల వస్తుంది. రొయ్య ఉడికితే ఎర్రబడేదీ ఆ పదార్థంతోనే. ఈ మాట విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల రైతులెవరైనా విందులో ఉంటే ఎత్తకండి. మేత రేటు, కౌంటు, కరెంటు బిల్లు మీదికి మాట మళ్ళిందంటే తెల్లారుతుంది.

ముహూర్తం దగ్గరే సగం విందులు చెడతాయి. పార్టీలన్నీ శనివారం రాత్రే. ఆ రోజు సగం మందికి నీచు పనికిరాదు. కార్తీకంలో ఊరు చల్లబడుతుంది గాని మిగతా సగం మంది కూడా మానేస్తారు. రోహిణి కార్తెలో మిద్దె మీద షామియానా వేసి ఈ చేప వడ్డించాలనుకునేవారు అతిథుల జాబితాలో ఒక డాక్టరుగారిని కూడా చేర్చుకోవడం మంచిది. అన్నీ తీసేస్తే సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య ఆదివారాలు మిగులుతాయి. అవి చాలు.

హాస్యం పక్కన పెట్టాల్సిన చోటు ఒకటుంది. ఈ చేపను 4 డిగ్రీల లోపే ఉంచాలి. పళ్ళెంలో పెట్టాక బయట రెండు గంటలకు మించకూడదు. గదిలో 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. ఉడకని చేప కాబట్టి లిస్టీరియా అనే సూక్ష్మజీవి ఉండే అవకాశం ఉంది. అది ఫ్రిజ్‌లో కూడా మెల్లగా పెరుగుతుంది, రుచిలోనూ వాసనలోనూ బయటపడదు. గర్భిణులకు, బాగా పెద్దవాళ్ళకు ఇది ప్రమాదం. మన ఇళ్ళల్లో విందంటే ముందు కూర్చోబెట్టేది ముసలాయన్నీ, కడుపుతో ఉన్న కోడల్నీ. ఈ పళ్ళెం వాళ్ళిద్దరి దగ్గరికీ పోకూడదు. వాళ్ళకు పులుసే పెట్టండి. మిగతావాళ్ళు అటు చూసి నిట్టూర్చినా పట్టించుకోవద్దు.

ఈ వంటలో వండడం తక్కువ, చల్లగా ఉంచడమే ఎక్కువ. ఆ విద్యలో మన జిల్లా వాళ్ళు ఎవరికీ తీసిపోరు. రొయ్యలు పంపే థర్మాకోల్ పెట్టె, ఐసు ఫ్యాక్టరీలో దంచి ఇచ్చే ఐసు, రెండూ ఫోను చేస్తే వస్తాయి. చెన్నై నుంచి పొట్లం తెప్పించేవారు కారు ఏసీని నమ్మి డాష్‌బోర్డు మీద పెట్టకుండా అలాంటి కొత్త పెట్టెలో ఐసు మధ్య పెట్టించాలి. గడ్డకట్టి వచ్చిన పొట్లాన్ని ముందు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చాలి. కొళాయి నీళ్ళ కింద పెట్టారంటే, మన ఎండకు ట్యాంకులో నీళ్ళే వేడిగా ఉంటాయి, అంచులు మెత్తబడి మధ్యలో రాయిలా ఉండిపోతుంది. కరిగినదాన్ని మళ్ళీ గడ్డకట్టిస్తే నీరు కక్కి పిండిపిండిగా అవుతుంది.

పన్నెండు మందికి 24 ముక్కలు, 200 గ్రాముల చేప. రొట్టెకు 60 గ్రాముల మైదా, 60 గ్రాముల కుట్టు పిండి, ఒక చెంచా బేకింగ్ పౌడరు, చిటికెడు ఉప్పు, ఒక గుడ్డు, 150 మిల్లీలీటర్ల పాలు. కుట్టు పిండి ఉత్తరాది వాళ్ళు ఉపవాసాలకు వాడేది, పెద్ద కిరాణాల్లో దొరుకుతుంది. గరిటె జారుగా కలిపి పావుగంట ఉంచి, పెనం మీద కాస్త వెన్న రాసి, రెండేసి చెంచాల పిండి పోయండి. పైన బుడగలు పగలగానే తిప్పాలి. దోసెపిండి ఉందిగా, చిన్న చిన్న దోసెలు పోసేద్దాం అనే ఆలోచన ఏ ఇంట్లోనైనా వస్తుంది. దాన్ని అక్కడే ఆపాలి. బియ్యపు దోసె చల్లారితే బిరుసెక్కుతుంది, ఇక్కడ రొట్టె పూర్తిగా చల్లారాకే పనికొస్తుంది. వేడి మీద మీగడ పెడితే కారిపోతుంది, చేపలో కొవ్వు చెమర్చి జిడ్డు తేలుతుంది.

మీగడకు 300 గ్రాముల గట్టి గేదె పెరుగును పలుచని గుడ్డలో కట్టి రాత్రంతా వేలాడదీస్తే సగం మిగులుతుంది. వేలాడదీయడం ఫ్రిజ్‌లోనే, కిటికీ కొక్కేనికి కాదు. తెల్లారేసరికి పులిసిపోతే చేప రుచి తెలియదు. అందులో అర చెంచా నిమ్మతొక్క తురుము, మిరియాల పొడి వేయండి. తొక్కలో ఆకుపచ్చ పొర మాత్రమే, తెల్లది తగిలితే చేదు. ఉప్పు వద్దు, చేపలో కావలసినంత ఉంది. నిమ్మరసం కూడా వద్దు. పలచబడటం ఒకటి, చేప మీద పడితే పులుపుకు ఆ చోటంతా తెల్లగా పాలిపోతుంది. బద్ద పక్కన పెడితే ఎవరిది వాళ్ళే పిండుకుంటారు.

చేపను చల్లగా ఉన్నప్పుడే విడదీయాలి. వెచ్చబడితే పొరలు ఒకదానికొకటి అంటుకుని చిరుగుతాయి. మధ్యలో గోధుమరంగు గీత ఉంటే కోసి తీసేయండి, నీచు అక్కడే ఎక్కువ. రెండు సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు కోసి, చీర కుచ్చిళ్ళు పెట్టినట్టు మూడు మడతలు వేసి నిలబెడితే, ఎనిమిది గ్రాముల ముక్క పెద్దదిగా కనబడుతుంది. ఈ విందు పరువంతా ఆ కుచ్చిళ్ళలోనే ఉంది. పైన డిల్ ఆకు ఒక్క రెమ్మ. దొరక్కపోతే ఉల్లికాడ సన్నగా తరగండి. కొత్తిమీర మాత్రం వేయకండి, రెండు రెమ్మలకే చేపను మింగేస్తుంది. సీసాలో వచ్చే కేపర్లను, అంటే ఊరబెట్టిన పూమొగ్గలను, కడిగి రెండేసి పెట్టాలి. వాటికి బదులు పచ్చిమామిడిని అగ్గిపుల్లకంటే సన్నగా తరిగి రెండు పుల్లలు పెడితే నా దృష్టిలో ఇంకా బాగుంటుంది. అయితే ఆ సంగతి బయటికి చెప్పకూడదు, నార్వే పరువు పోతుంది.

పేర్చడం వడ్డనకు అరగంట ముందు, అంతకు ముందు కాదు, రొట్టె నానిపోతుంది. ఎనిమిదికి రమ్మంటే తొమ్మిదిన్నరకు వచ్చే ఊళ్ళో ఈ అరగంటను ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలన్నది పెద్ద చిక్కు. వీధి చివర కారు మలుపు తిరిగిందని ఫోను వచ్చాకే మొదలుపెట్టండి. పళ్ళేలను ఫ్రీజర్‌లో పెట్టమని విదేశీ వంటవాళ్ళు చెబుతారు. వాళ్ళకు మన ఉప్పుగాలి తెలియదు. బయటికి తీసిన నిమిషానికి పళ్ళెం అంతా చెమటపట్టి రొట్టె అడుగు తడిసిపోతుంది. మామూలు ఫ్రిజ్‌లో పెట్టి, తుడిచి, పన్నెండేసి చొప్పున రెండు విడతలుగా పంపడం మేలు.

వడ్డించాక ఎవరో ఒక పెద్దావిడ ముక్కను వెలుతురుకు పట్టి చూసి, "ఏందమ్మాయ్ ఇది, పొయ్యి మీద పెట్టడం మర్చిపోయినావా?" అంటుంది. కంగారుపడకండి. సావిడాయిల్లోనూ వంజరంలోనూ ఏది పాతదో దూరం నుంచే చెప్పగల మనిషి ఆమె. వాదనకు దిగితే ఓడిపోతారు.

ఇంత తంటా ఎందుకనుకునేవారికి పండుగప్ప ఉంది. చల్లటి పొగ మన ఇళ్ళల్లో కుదరదు, గాలే 30 డిగ్రీలు దాటి ఉంటుంది. వేడి పొగ కుదురుతుంది. లీటరు నీళ్ళలో 60 గ్రాముల ఉప్పు, 30 గ్రాముల బెల్లం కరిగించి, ముల్లు తీసిన ముక్కను గంట నానబెట్టండి. తీసి తుడిచి ఫ్రిజ్‌లో మూత లేకుండా మూడు నాలుగు గంటలు వదిలేస్తే పైపొర వేలికి జిగటగా తగులుతుంది. పొగ పట్టేది ఆ జిగటకే. తడి మీద మసి అంటి చేదెక్కుతుంది. ఇనుప మూకుడులో రేకు పరిచి గుప్పెడు బియ్యం, రెండేసి చెంచాల టీ పొడి, బెల్లం వేసి, పొగ లేచాక పైన జల్లెడ మీద చేప పెట్టి గట్టిగా మూయండి. ఇరవై నిమిషాలు పడుతుంది, ముక్క మధ్యలో 63 డిగ్రీలు రావాలి. బియ్యం రేషనువైనా చాలు, మొలగొలుకులు మాడ్చకండి. కిటికీలు మూసుకోండి, సెక్రటరీగారు ఫోను దగ్గరే ఉంటారు.

పళ్ళెంలో గడువు దాటిన ముక్కలు ఎంత ఖరీదైనవైనా చెత్తబుట్టకే. విప్పిన పొట్లంలో మిగిలింది గట్టిగా మూసి పెడితే రెండు రోజులుంటుంది. మర్నాడు పొద్దున కోడిగుడ్డు పొరటులో దించే ముందు చిదిమి వేసుకోవచ్చు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి ఎప్పటిలాగే, ఉప్పు మాత్రం చేప కలిపి రుచి చూశాకే.