ఫస్ట్ బేస్ దగ్గర ఎవరూ లేరు

2024 అక్టోబర్ 30 రాత్రి. యాంకీ స్టేడియంలో బేస్‌బాల్ ఆట. ఐదో ఇన్నింగ్ మొదలయ్యేసరికి న్యూయార్క్ యాంకీస్ లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ మీద 5-0తో ముందుంది. యాంకీస్ పిచర్ (బంతి విసిరేవాడు) గెరిట్ కోల్ అప్పటిదాకా ఒక్క హిట్ (బ్యాటర్ కొట్టి బేస్ చేరే దెబ్బ) కూడా ఇవ్వలేదు. వరల్డ్ సిరీస్‌లో, అంటే ఛాంపియన్‌ని తేల్చే ఏడాటల పోరులో, 3-1తో వెనకబడ్డ జట్టు మళ్లీ లేచి నిలబడుతోందని స్టేడియమంతా నమ్మింది. అప్పుడు ఆరన్ జడ్జ్ చేతుల్లోకి నేరుగా వచ్చిన తేలికైన క్యాచ్ జారిపోయింది. రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ వోల్పే మూడో బేస్‌కు విసిరిన బంతి గురితప్పి నేలను తాకింది. అయినా కోల్ తలవంచలేదు. బేస్‌లన్నీ నిండి ఉండగా గావిన్ లక్స్‌ను, షోహెయ్ ఒటానీని మూడేసి స్ట్రైక్‌లతో ఔట్ (స్ట్రైకౌట్) చేశాడు. ఇక కావలసింది ఒక్క ఔట్. మూకీ బెట్స్ కొట్టిన బంతి ఫస్ట్ బేస్‌మన్ రిజ్జో వైపు దొర్లుకుంటూ వెళ్లింది. అలాంటప్పుడు పిచర్ పరుగెత్తి ఫస్ట్ బేస్ మీద నిలబడాలి, ఫీల్డర్ విసిరే బంతి అందుకోవాలి. కోల్ రెండడుగులు వేసి ఆగిపోయాడు. నువ్వే చూసుకో అన్నట్టు రిజ్జోకి వేలు చూపించాడు. బెట్స్ చేరిపోయాడు. ఆ తర్వాత ఫ్రీమన్ కొట్టాడు, టియాస్కర్ హెర్నాండెజ్ కొట్టాడు, స్కోరు 5-5 అయింది. చివరికి 7-6తో డాడ్జర్స్ ఛాంపియన్లు.

మర్నాటి నుంచి న్యూయార్క్‌లో ఒకటే పాట. ఒత్తిడికి చిత్తయ్యారు, గుండె ధైర్యం లేదు, పెద్ద ఆటల్లో వీళ్లింతే. జడ్జ్ ఆ ఏడాది 58 హోమ్ రన్లు (బంతి మైదానం దాటే దెబ్బలు) కొట్టాడు, సగటు .322, అంటే వెయ్యి ప్రయత్నాలకి 322 హిట్లు. సీజన్ ముగిశాక అక్టోబర్‌లో జరిగే నాకౌట్ సిరీస్‌ల్లో, అంటే ప్లేఆఫ్స్‌లో, ఆ సగటు .184కి పడిపోయింది. ఇంట పులి వీధిలో పిల్లి అని తేల్చేయడానికి జనానికి అది చాలు.

ఈ తీర్పు తప్పు. తప్పు మాత్రమే కాదు, అన్యాయం. ఆ రాత్రి యాంకీలను ఓడించింది వాళ్ల గుండెలో ఏదో లోటు కాదు. పిచర్ ఫస్ట్ బేస్‌కు పరుగెత్తడమనే పని ఫిబ్రవరిలో శిక్షణ శిబిరం మొదలైన తొలిరోజుల్లోనే ప్రతి జట్టూ సాధన చేయిస్తుంది. అది ధైర్యంతో పనిలేనిది, ఆలోచనతో పనిలేనిది. బంతి కుడివైపు వెళ్లగానే కాళ్లు వాటంతటవే కదలాలి. ఆ జట్టు ఏడాది పొడవునా ఇలాంటి చిన్న పనుల్లో అశ్రద్ధగా ఉందనీ, అది తమకు ముందే తెలుసుననీ సిరీస్ ముగిశాక డాడ్జర్స్ వైపు నుంచే మాటలు బయటికొచ్చాయి. ఒత్తిడి కొత్తగా తప్పు పుట్టించలేదు. ఏప్రిల్‌లో చెల్లిపోయిన తప్పుకి అక్టోబర్‌లో వెల కట్టింది, అంతే.

ముందు ఈ 'పెద్ద ఆటల మనిషి' అనే మాట సంగతి చూద్దాం. ఆ బిరుదుకి నిలువెత్తు రూపమని చెప్పుకునే యాంకీస్ ఆటగాడు డెరెక్ జీటర్‌కి మామూలు సీజన్లలో సగటు .310. ప్లేఆఫ్స్‌లో 158 ఆటలాడి .308. అంటే అక్టోబర్‌లో ఆయన వేరే మనిషి కాలేదు, ఎప్పటి జీటరే. అదే ఆయన గొప్పతనం! ఇంకోపక్క బ్యారీ బాండ్స్. 2000 దాకా ప్లేఆఫ్స్ సగటు .196, ఒకే ఒక్క హోమ్ రన్. పనికిరాడన్నారు. 2002 ప్లేఆఫ్స్‌లో అదే మనిషి 8 హోమ్ రన్లు కొట్టాడు. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో హఠాత్తుగా గుండె మొలిచిందా? జడ్జ్ కూడా అంతే. 2025 ప్లేఆఫ్స్‌లో ఏడు ఆటలాడి .500 సగటుతో కొట్టాడు. మనిషి మారలేదు, ఆటలు కొన్నే కాబట్టి అంకెలు అటూ ఇటూ ఊగాయి.

లెక్క కూడా ఇదే చెబుతుంది. ఒక్కో ఆటలో గెలిచే అవకాశం నూటికి 55 ఉన్న జట్టుని తీసుకోండి. ప్లేఆఫ్స్ స్థాయిలో అది మంచి ఆధిక్యమే. ఐదాటల సిరీస్ ఒకటి, ఏడాటల సిరీస్‌లు రెండు వరసగా నెగ్గే అవకాశం దానికి నూటికి 22 దగ్గర తేలుతుంది. అట్లాంటా బ్రేవ్స్ 1991 నుంచి 2005 దాకా, సమ్మెతో ఆగిపోయిన 1994 తప్ప, ప్రతి ఏడూ డివిజన్‌లో, అంటే లీగ్‌లోని తన జట్ల గుంపులో, మొదటి స్థానం గెలిచింది. మ్యాడక్స్, గ్లావిన్, స్మోల్ట్స్ లాంటి పిచర్లుండి కూడా వరల్డ్ సిరీస్ దక్కింది 1995లో ఒక్కసారే. 2001లో సియాటిల్ మెరైనర్స్ 116 ఆటలు గెలిచి వరల్డ్ సిరీస్ దాకా కూడా రాలేదు. వీళ్లందరికీ గుండె లేదని చెప్పగలమా?

యాంకీస్ పిచర్ మారియానో రివేరా పేరెత్తుతారని తెలుసు. ప్లేఆఫ్స్‌లో 96 ఆటలు, 141 ఇన్నింగ్స్, ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఖాతాలో పడే పరుగుల సగటు, ఎంత తక్కువైతే అంత మేలు) 0.70. ఇది అదృష్టం కాదని ఒప్పుకుంటాను, పసివాడు కూడా ఒప్పుకుంటాడు. కానీ ఆయన చేసిందేమిటి? ఏప్రిల్‌లో వేసిన కట్టర్‌నే (చివర్లో పక్కకు తప్పుకునే వేగపు బంతి) అక్టోబర్‌లోనూ వేశాడు. ఒకే బంతి, ఒకే చేతివాటం, వేల సార్లు. అలాంటివాడు కూడా 2001 వరల్డ్ సిరీస్ ఏడో ఆట తొమ్మిదో ఇన్నింగ్‌లో బంట్‌ని (బ్యాటర్ మెల్లగా తట్టి వదిలిన బంతి) అందుకుని రెండో బేస్‌కి విసరబోయి గురితప్పాడు, ఆ ఆట చేజారింది. ఆ మర్నాడు ఆయనకు గుండె లేదని ఎవరూ అనలేదు. అందరికీ ఆ న్యాయమే చేయమంటున్నాను.

ఒత్తిడి లేదని కాదు నా వాదన. ఒత్తిడి ఉంది, నిజంగా ఉంది, అది పనిచేసే చోటు వేరు. రాబ్ గ్రే అనే పరిశోధకుడు 2004లో కాలేజీ స్థాయి బ్యాటర్లతో ఒక ప్రయోగం చేశాడు. కొట్టేటప్పుడు నీ బ్యాట్ ఎటు కదులుతోందో గమనించు అని చెప్పగానే ఆరితేరినవాళ్ల ఆట దెబ్బతింది. బ్యాట్‌తో సంబంధం లేని శబ్దం మీద ధ్యాస పెట్టమన్నప్పుడు వాళ్ల ఆట చెడలేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లది దీనికి తలకిందులు, వాళ్లకు బ్యాట్‌ని గమనించడమే మేలు చేసింది. మెట్లు దిగేటప్పుడు కాళ్లవైపు చూసుకుంటూ ఏ కాలు ముందో ఆలోచిస్తే తడబడతామే, అదే ఇది. చేతికి వచ్చేసిన విద్యను మనసు మళ్లీ లాక్కుని తానే చేస్తానంటుంది. అక్కడే పని చెడుతుంది.

రిక్ ఆంకీల్ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. 2000లో సెయింట్ లూయిస్ తరఫున ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు, బ్రేవ్స్ మీద తొలి ప్లేఆఫ్స్ ఆట. మూడో ఇన్నింగ్‌లో ఐదు వైల్డ్ పిచ్‌లు (క్యాచర్ అందుకోలేనంత గురితప్పిన బంతులు) వేశాడు, 1890 తర్వాత ఒక ఇన్నింగ్‌లో అన్ని వేసినవాడు లేడు. మళ్లీ పిచర్‌గా కుదురుకోలేకపోయాడు. అతనికి ధైర్యం లేదంటారా? ఏళ్లపాటు ఆ ఊబిలో కొట్టుకుని, 2007లో అవుట్‌ఫీల్డర్‌గా, బ్యాటర్‌గా పెద్ద లీగ్‌కి తిరిగొచ్చి, వచ్చిన మొదటి రాత్రే హోమ్ రన్ కొట్టాడు. ఇంతకన్నా ధైర్యం ఎక్కడ చూపిస్తారు!

నా వాదనకి అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం 2025 వరల్డ్ సిరీస్. టొరంటోలో ఆరో ఆట, తొమ్మిదో ఇన్నింగ్. టొరంటో జట్టు బ్లూ జేస్ డాడ్జర్స్ మీద 3-1తో వెనకబడి ఉంది, రెండో, మూడో బేస్‌ల మీద మనుషులున్నారు. లెఫ్ట్ ఫీల్డ్ వైపు లేచిన బంతిని కీకే హెర్నాండెజ్ ముందుకు దూసుకొచ్చి పట్టేశాడు. రెండో బేస్ నుంచి ముందుకొచ్చేసిన బార్జర్ వెనక్కి చేరేలోపే బంతి చేరింది. ఒకే బంతికి ఇద్దరు ఔట్, అంటే డబుల్ ప్లే, ఆట ముగిసింది. ఊరంతా ఆ ఒక్క తప్పునే తిట్టింది.

మర్నాడు ఏడో ఆట. మళ్లీ తొమ్మిదో ఇన్నింగ్, స్కోరు 4-4, బేస్‌లు నిండాయి, ఒకటే ఔట్. మూడో బేస్ మీద కైనర్-ఫలేఫా. అతను హోమ్ బేస్‌కి చేరితే టొరంటోకి 1993 తర్వాత తొలి ఛాంపియన్‌షిప్. వార్షో కొట్టిన బంతిని రెండో బేస్‌మన్ మిగేల్ రోహాస్ తడబడుతూ పట్టుకుని, నిలదొక్కుకుని, క్యాచర్‌కి విసిరాడు. కైనర్-ఫలేఫా అంగుళాల తేడాతో ఔట్. తర్వాత అతనే చెప్పాడు, బేస్‌కి దగ్గరగానే ఉండమని తమకు సూచన వచ్చిందని, బంతి నేరుగా ఫీల్డర్ చేతిలో పడితే డబుల్ ప్లే కాకూడదని.

ఈ ముక్కను రెండుసార్లు చదవండి. క్రితం రాత్రి జరిగిన తప్పు ఈ రాత్రి కాళ్లకు తాడు కట్టింది. అది పిరికితనం కాదు, నిన్నటి ఆటను ఇవాళ ఆడటం. ఒత్తిడి జట్టులోకి ఇలాగే దూరుతుందని నేను గట్టిగా నమ్ముతాను. అరుపుల్లోంచి కాదు, జాగ్రత్త అనే ముసుగులోంచి.

అవతలివైపు చూడండి. అదే తొమ్మిదో ఇన్నింగ్ మొదటి సగంలో, డాడ్జర్స్ బ్యాటింగ్ అప్పుడు, ఓటమికి రెండు ఔట్ల దూరంలో హోమ్ రన్ కొట్టి స్కోరు సమం చేసింది ఈ రోహాసే. ముప్పై ఆరేళ్లవాడు, చాలా రోజులు బెంచి మీదే కూర్చున్నవాడు. వార్షో ఆటకి వెంటనే తర్వాత క్లెమెంట్ కొట్టిన బంతిని కీకేని ఢీకొట్టి మరీ పట్టుకున్న ఆండీ పహేస్ అప్పుడే మైదానంలోకి వచ్చాడు. ఆరో ఆటలో 96 బంతులు వేసిన యమమోటో ఒక్క రోజు కూడా విశ్రాంతి లేకుండా వచ్చి, డాడ్జర్స్ గెలిచిన ఆ ఆటలో చివరి ఔట్ దాకా నిలిచాడు. డాడ్జర్స్‌కి డబ్బుంది నిజమే. కానీ ఆ క్షణంలో ఆ జట్టుకి పనికొచ్చింది డబ్బు కాదు, బెంచి చివర కూర్చున్నవాడికి కూడా తన పనేమిటో తెలిసుండటం. బరువు ఒక్క ఒటానీ భుజాల మీద పెట్టలేదు కాబట్టే ఎవరూ కుంగలేదు.

మనవాళ్లకి ఇది అర్థం కాని విషయమేమీ కాదు. పి.వి. సింధుకి మనం చేసిందేమిటి? 2016 రియోలో వెండి, 2017 గ్లాస్గోలో వెండి, 2018లో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోనూ, ఆసియా క్రీడల్లోనూ వెండి. 'ఫైనల్ ఫోబియా' అని పేరు పెట్టేశాం. గ్లాస్గోలో నొజోమి ఒకుహారా చేతిలో మూడో గేమ్ 22-20తో పోయింది, గంటా యాభై నిమిషాల పోరాటం తర్వాత. రెండు పాయింట్లు! ఆ రెండు పాయింట్ల మీద ఒక అమ్మాయి మనసు ఎలాంటిదో తేల్చేశాం. 2019 బాసెల్‌లో అదే ఒకుహారాని 21-7, 21-7తో 38 నిమిషాల్లో ఓడించాక ఆ మాట అన్నవాళ్లెవరూ వెనక్కి తీసుకోలేదు. ఒక్క ఎంసెట్ ఉదయం చూసి పదిహేడేళ్ల పిల్లాడు ఎందుకూ కొరగాడని తేల్చే ఇళ్లు మనవి. ఒక్క రోజు ఫలితాన్ని మనిషి స్వభావంగా చదివే ఈ జబ్బు మీద నాకు చాలాకాలంగా కోపం. బేస్‌బాల్ నన్ను అంతగా లాగడానికి కారణం కూడా అదే. 162 ఆటల ఓపిక నేర్పే ఆటలో కూడా అక్టోబర్ రాగానే జనం అదే పని చేస్తారు.

డాడ్జర్స్ పిచర్ క్లేటన్ కెర్షా కన్నా ఎక్కువగా ఈ 'పెద్ద ఆటల్లో పనికిరాడు' అనే మాట పడినవాడు లేడు. మామూలు సీజన్లలో ఈఆర్ఏ 2.53, ప్లేఆఫ్స్‌లో నాలుగు దాటింది. 2019లో వాషింగ్టన్ మీద వరస రెండు బంతుల్లో రెండు హోమ్ రన్లు ఇచ్చాక డగౌట్‌లో ఒంటరిగా కూర్చున్న ఆ మనిషి బొమ్మ ఏళ్లపాటు తిరిగింది. 2020 వరల్డ్ సిరీస్‌లో రెండు ఆటలు గెలిపించినా ఆ మాట పోలేదు. 2025 ప్లేఆఫ్స్‌లో ఫిలడెల్ఫియా మీద రెండు ఇన్నింగ్స్‌లో ఐదు పరుగులిచ్చాడు. అప్పటికే రిటైరవుతున్నట్టు ప్రకటించి ఉన్నాడు. అందరూ తలలు పట్టుకున్నారు.

పంతొమ్మిది రోజులకి వరల్డ్ సిరీస్ మూడో ఆట. అది పద్దెనిమిది ఇన్నింగ్స్ సాగింది. పన్నెండో ఇన్నింగ్‌లో బేస్‌లు నిండి, రెండు ఔట్లుండగా మేనేజర్ డేవ్ రాబర్ట్స్ కెర్షాని పిలిచాడు. ముప్పై ఏడేళ్ల పిచర్, ఎదురుగా నేథన్ లూక్స్, కౌంట్ నిండే దాకా (మూడు బాల్స్, రెండు స్ట్రైక్‌లు) వెళ్లింది. ఎనిమిదో బంతిని లూక్స్ మెల్లగా రెండో బేస్ వైపు తోశాడు. అక్కడ టామీ ఎడ్మన్ ఉన్నాడు, ఏడాది కిందట జడ్జ్ వదిలేసిన ఆ బంతిని కొట్టిన ఎడ్మనే. ముందుకు పరుగెత్తి, చేతిలోకి తీసుకునే తీరిక లేక, గ్లవ్‌తోనే బంతిని ఫస్ట్ బేస్ వైపు తోశాడు. అక్కడ ఫ్రీమన్ ఉన్నాడు.