బస్టాండులో టానిక్కు పారాయణం

మామయ్య కళ్ళు చూపించుకోవడానికి చిత్తూరు నుంచి తిరుపతి వచ్చాడు. డాక్టరు కళ్ళలో చుక్కలు వేసి పరీక్ష చేసి, సాయంత్రం దాకా దగ్గరి అక్షరాలు మసకగా ఉంటాయని చెప్పి పంపించాడు. నేను బయట ఆటో బేరమాడుతున్న కాసేపట్లోనే ఆయన పక్క దుకాణంలో దూరి ఒక టానిక్కు సీసా కొనేశాడు. చూపు లేని వేళ కొన్నది ఎలా ఉండాలో అలాగే ఉంది. సీసా ముప్పాతిక లీటరు, చీటీ మీది అక్షరాలు ఆవగింజలో సగం.

బస్టాండులో చిత్తూరు బస్సు ఇంకా రాలేదు. సిమెంటు అరుగు మీద కూర్చోగానే సీసా నా చేతిలో పెట్టి "ఏమేం నయమవుతాయో చదువమ్మా" అన్నాడు. చదివాను. "గట్టిగా" అన్నాడు. మామయ్యకు చెవుడన్న సంగతి ఆయనకు తప్ప బంధువులందరికీ తెలుసు. నేను పంతులమ్మను. వెనక బెంచీలో నిద్రపోయేవాణ్ణి లేపడానికి సాన పట్టిన గొంతు నాది. ఆ గొంతు విప్పాను.

"ఆకలి మందగించడం! అజీర్తి! నిస్సత్తువ! నిద్రలేమి! మతిమరుపు! కీళ్ళనొప్పులు!" మామయ్య ఒక్కొక్కదానికీ తల ఊపుతున్నాడు. అన్నీ తనకు ఉన్నట్టే ఉన్నాయి. "మధుమేహం! పక్షవాతం! చెవుడు!"

"ఆఖరిది ఏమన్నావు?"

"చెవుడు!"

"అది మనకెందుకు, తర్వాతది చదువు."

తర్వాతది చదివే ధైర్యం నాకు లేదు. పురుషులకు మాత్రమే సంబంధించిన పంక్తి అది. అచ్చువేసినవాడు మిగతా జబ్బులన్నీ సన్నగా వేసి, దీన్ని మాత్రం ఎర్రటి లావు అక్షరాల్లో, చివర మూడు ఆశ్చర్యార్థకాలతో వేశాడు. నేను దాన్ని దాటేసి "స్త్రీలలో రక్తహీనత" దగ్గరికి దూకాను. మామయ్య చటుక్కున సీసా లాక్కుని, మసక కళ్ళతో అయినా ఎరుపు కనిపిస్తుంది కనుక, సరిగ్గా ఆ పంక్తి మీద వేలు పెట్టి "ఇది వదిలేశావు. డబ్బులిచ్చి కొన్నాం, ప్రతి అక్షరం తెలియాలి" అన్నాడు. గొణిగాను. "వినబడలేదు." ఇంకొంచెం పెంచాను. "పెదాలు ఆడుతున్నాయి గానీ మాట రావడం లేదే." చుట్టూ చూశాను. అప్పటికే అరడజను మంది నిలబడి ఉన్నారు, ఎవరికీ బస్సు తొందర ఉన్నట్టు లేదు. కళ్ళు మూసుకుని, జాతీయగీతం పాడేటప్పుడు నిలబడ్డట్టు నిటారుగా లేచి, ఆ పంక్తి మొత్తం చదివేశాను. ఆశ్చర్యార్థకాలతో సహా.

మైకులో ఏదో బస్సు గురించి చెబుతున్నారు. ఎవరూ వినలేదు.

గుండు మీద చందనం ఇంకా ఆరని యాత్రికుడొకడు ముందుకొచ్చి, ఇది తాగితే జుట్టు తొందరగా వస్తుందా అని అడిగాడు. వేలూరు వెళ్ళే ఆవిడ ఎంత అని తమిళంలో అడిగింది. నేను అమ్మేదాన్ని కాదని చెబితే, అమ్మేవాళ్ళందరూ మొదట అలాగే అంటారన్నట్టు నవ్వింది. ఇంకొకాయన చెయ్యి చాపి, కొంచెం రుచి చూపిస్తే కదా కొనేది అన్నాడు. వీళ్ళందరి వెనక నుంచి "నమస్తే టీచరమ్మా, సెలవుల్లో ఇది పెట్టుకున్నారా?" అని వినబడింది. మా ఎనిమిదో తరగతి పిల్లవాడి తండ్రి. ఆయన కళ్ళలో జాలి కనిపించింది. జీతాలు ఆలస్యమైన సంగతి పేపర్లో చదివే ఉంటాడు.

మామయ్యకు ఇవేమీ పట్టలేదు. "దేంతో చేశారో చదువు." బెల్లం, ద్రాక్ష, అశ్వగంధ, ధాతకీ పువ్వులు. మధుమేహం నయం చేస్తానన్న మందులో మొదటి పేరే బెల్లం! అడుగున మాత్రం నిజాయతీగా ఒక మాట వేశారు: స్వయంజనిత మద్యసారం. బెల్లం నీళ్ళలో ధాతకీ పువ్వులు వేసి జాడీకి మూతపెట్టి వారాలు కదపకుండా ఉంచితే అదే పులిసి మద్యమవుతుంది. మన ఆయుర్వేదంలోని ఆసవాలూ అరిష్టాలూ అనే మందులు ఇలా తయారయ్యేవే. మామూలుగా వాటిలో మద్యం 5 నుంచి 10 శాతం దాకా ఉంటుంది. పద్ధతిగా చేసిన అరిష్టాన్ని వైద్యుడు చెప్పిన కొలతలో పుచ్చుకోవడం గురించి నాకేమీ పేచీ లేదు. అదే ద్రవానికి పక్షవాతం మొదలు చెవుడు దాకా అప్పగించిన ఆ చీటీ రచయితతోనే నా పేచీ. ఈ విద్య మనదొక్కటే కాదు. అమెరికాలో 1875 నుంచి ఆడవాళ్ళ నీరసానికని అమ్మిన లిడియా పింకం టానిక్కులో మద్యం 18 శాతం దాకా ఉండేది. సీసా మీద ఆ సంగతి రాసి తీరాలని 1906లో చట్టం చెప్పింది. 1886లో అట్లాంటాలో ఒక మందుల తయారీదారు తలనొప్పికీ నరాలకూ మంచిదని గ్లాసు ఐదు సెంట్లకు అమ్మించిన పానీయాన్ని ఇప్పుడు కోకాకోలా అని పెళ్ళిళ్ళలో పిల్లలకు పోస్తున్నాం.

మద్యసారం అన్న మాట నేను గట్టిగానే చదివాను కాబట్టి కానిస్టేబులు వచ్చాడు. "అమ్మా, అమ్మడానికి అనుమతి ఉందా?"

నేను నోరు తెరిచేలోగా మామయ్య సమాధానం చెప్పాడు. "భోజనం తర్వాత, సమానంగా నీళ్ళు కలిపి."

ఇంటికి వచ్చాక ఫోనులో వెతికితే తెలిసింది, 1954లోనే దీనికొక చట్టం ఉంది. 54 జబ్బుల పట్టిక వేసి, వీటిని నయం చేస్తామని ఎవరూ ప్రకటించకూడదన్నారు. మధుమేహం, పక్షవాతం, చెవుడు, చివరికి మనిషి ఎత్తు కూడా అందులో ఉన్నాయి. ప్రకటన అంటే పేపరులో వేసేది మాత్రమే కాదట. సీసా మీది చీటీ, చుట్టిన కాగితం, వెలుతురుతో, చప్పుడుతో, పొగతో చేసేది, నోటితో చెప్పేది, అన్నీ ప్రకటనలే. మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. చీటీ అచ్చువేసినవాడు డెబ్బై ఏళ్ళ నాటి చట్టాన్ని పక్కన పెట్టి హాయిగా ఉన్నాడు. అమ్మినవాడు డబ్బులు లెక్కపెట్టుకుని హాయిగా ఉన్నాడు. నోటితో చెప్పినందుకు బస్టాండులో కానిస్టేబులుకు నా గుర్తింపు కార్డు, మామయ్య కంటి పరీక్ష చీటీ, దుకాణం రసీదు చూపించి, ఆ కానిస్టేబులు మోకాళ్ళ నొప్పి గురించి పూర్తిగా విని బయటపడింది మాత్రం నేను.

రాత్రి మామయ్య ఫోను చేశాడు. క్షేమంగా చేరాడట, చూపు బాగైందట. "మందు మంచిదేనమ్మా. నువ్వు చదివినదంతా ఎంత స్పష్టంగా వినబడిందో! చెవుల్లో అప్పుడే గుణం కనిపిస్తోంది" అన్నాడు.

సీసా సీలు ఇంకా తియ్యలేదు.